ఇంగ్లీషులో మరుగుపడిన పాత మాటలు: అర్థాలు, పుట్టుపూర్వోత్తరాలు

వాడుక తప్పిపోయిన ఇంగ్లీషు మాటలు, వాడుకలో ఉన్నా అసలు అర్థం జనం మరిచిపోయిన ఇంగ్లీషు మాటలు ఈ వ్యాసానికి విషయం. వీటిని కలిపి 'పాత ఇంగ్లీషు మాటలు' అనడం అలవాటు. భాషాశాస్త్రంలో మాత్రం పాత ఇంగ్లీషు అంటే నిర్దిష్టమైన ఒక దశ. ఉత్తర జర్మనీ, డెన్మార్క్ తీరాల నుంచి ఆంగ్లులు, శాక్సన్లు, జూట్లు 5వ శతాబ్దంలో బ్రిటన్‌కు తెచ్చిన భాష అది. 1066లో నార్మన్లు ఇంగ్లండును జయించాక కొద్ది తరాల్లోనే దాని రూపం మారిపోయింది. మనవాళ్లు చాలామంది షేక్‌స్పియర్ భాషను పాత ఇంగ్లీషు అంటారు గాని, అది ఆధునిక ఇంగ్లీషుకు తొలిరూపం. అసలు పాత ఇంగ్లీషును ఈనాటి లండన్ వాసి చదవలేడు. పరాయి భాషలాగే నేర్చుకోవాలి.

పాత మాట ఏదైనా మనదాకా వచ్చిందంటే ఎవరో ఒకరు రాసిపెట్టడం వల్లే వచ్చింది. ఎవరు రాశారు, ఎందుకు రాశారు, ఆ రాత ఎలా నిలిచింది అన్నవి తెలియకుండా మాటకు అర్థం చెప్పబోతే అది కథ అవుతుంది గాని వ్యుత్పత్తి కాదు. ఈ రంగంలో జనం నోట తిరిగే వివరణల్లో సగానికి పైగా అలాంటి కథలేనని నా నమ్మకం.

రాతప్రతుల దారి

పాత ఇంగ్లీషులో ఇప్పటికి మిగిలిన రాతలన్నీ కలిపితే సుమారు 30 లక్షల మాటలు. ఆరు శతాబ్దాల భాషకు ఇది చాలా చిన్న మూట. ఇందులో కవిత్వం 30,000 పాదాలు ఉంటుంది. అందులో ఎక్కువ భాగం నాలుగు చర్మపత్ర గ్రంథాల్లోనే ఉంది: ఒకటి లండన్‌లో, ఒకటి ఆక్స్‌ఫర్డ్‌లో, ఒకటి ఎక్సెటర్ చర్చిలో, మరొకటి ఇటలీలోని వెర్చెల్లిలో. 3,182 పాదాల 'బేవుల్ఫ్' కావ్యానికి ప్రపంచంలో ఉన్నది ఒకే ఒక్క రాతప్రతి. 1731 అక్టోబరులో లండన్ ఆష్‌బర్న్‌హామ్ భవనంలో మంటలు లేచినప్పుడు దాని అంచులు కాలాయి. ఆ రాత్రి అది పూర్తిగా కాలిపోయి ఉంటే, ఆ కావ్యంలో తప్ప మరెక్కడా కనపడని మాటలన్నీ దానితోపాటే పోయేవి.

ఆ కవులకు సమాసాలు కట్టడం మీద మోజు ఎక్కువ. సముద్రాన్ని 'హ్రోన్‌రాడ్' అన్నారు, తిమింగలాల బాట అని. మనిషి దేహాన్ని 'బాన్‌హూస్' అన్నారు, ఎముకల ఇల్లు. కవి నేర్చిన మాటల నిధి 'వోర్డ్‌హోర్డ్'. ఇలాంటివి సంస్కృతాంధ్ర కావ్యాలు చదివినవారికి వింతగా తోచవు.

ఎక్సెటర్ గ్రంథం బిషప్ లియోఫ్రిక్ 11వ శతాబ్దంలో ఆ ఊరి చర్చికి ఇచ్చిన పుస్తకం. అందులో భర్తకు దూరమైన స్త్రీ తన గోడు వెళ్లబోసుకునే పద్యం ఒకటి ఉంది. 'ఊహ్త్‌చెయరు' అన్న మాట ఆ పద్యంలోనే, అదీ ఒక్కసారే కనిపిస్తుంది. 'ఊహ్త' అంటే తెల్లవారడానికి ముందు వచ్చే చివరి జాము. 'చెయరు' అంటే దిగులు. తెల్లవారుజామున మెలకువ వచ్చి, ఇక నిద్ర పట్టక మనసును తొలిచే ఆ బెంగకు వెయ్యేళ్ల కిందట ఇంగ్లీషులో ఒక పేరుండేది. నేటి ఇంగ్లీషులో దానికి సరైన మాట లేదు. ఇలా ఒకే చోట దొరికే మాటలకు అర్థం చెప్పడం కష్టం. సమాసంలోని ముక్కలు వేరేచోట కూడా కనిపిస్తే తప్ప నిర్ధారణగా చెప్పలేం. ఈ మాట విషయంలో అదృష్టవశాత్తు రెండు ముక్కలూ వేరే రాతల్లో దొరుకుతున్నాయి.

వైద్య గ్రంథాలది మరో రకం చిక్కు. 'లీచ్' అంటే ఇప్పుడు జలగ. పాత ఇంగ్లీషులో 'లేచె' అంటే వైద్యుడు. 10వ శతాబ్దపు రాతప్రతిలో దొరికిన 'బాల్డ్ లీచ్‌బుక్' జలగల పుస్తకం కాదు, వైద్యుడి పుస్తకం. అందులో కంటి కురుపుకు ఒక లేపనం ఉంది. వెల్లుల్లి, 'క్రోప్‌లేయక్', ద్రాక్షసారా, ఎద్దు పిత్తం కలిపి ఇత్తడి పాత్రలో తొమ్మిది రాత్రులు ఉంచాలి. 'క్రోప్‌లేయక్' ఉల్లిపాయా, ఉల్లిజాతికే చెందిన లీక్ మొక్కా అన్నది భాషాపండితులు తేల్చలేకపోయారు. 2015లో నాటింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో భాషావేత్తలు, సూక్ష్మజీవ శాస్త్రజ్ఞులు కలిసి ఆ లేపనాన్ని రెండు విధాలుగానూ చేసి చూశారు. మామూలు మందులకు లొంగని ఒక బ్యాక్టీరియాను అది ప్రయోగశాలలో చంపింది. నిఘంటువులో ఒక మాట పక్కన ఉన్న ప్రశ్నార్థకం ప్రయోగశాల దాకా వెళ్లడం అరుదు. అందుకే ఈ సంగతి ఇంత వివరంగా చెప్పాలనిపించింది.

రొట్టె, మనిషి, నెల

బతుకుతెరువు చుట్టూ పుట్టిన మాటలు పాత ఇంగ్లీషు సమాజాన్ని కళ్లకు కడతాయి. 'లార్డ్' అనగానే మనకు జమీందారో దేవుడో గుర్తొస్తాడు. ఆ మాట మూలం 'హ్లాఫ్‌వెయర్డ్', రొట్టెకు కాపలా ఉండేవాడు. 'లేడీ' మూలం 'హ్లేఫ్‌డిజె', రొట్టె పిండి పిసికేది. ఆ ఇంట బతికే సేవకుడు 'హ్లాఫ్ఏట', రొట్టె తినేవాడు. ఈ మూడో మాట కెంట్ రాజు ఏథెల్బర్ట్ క్రీ.శ. 600 ప్రాంతంలో చేయించిన చట్టంలో ఉంది. ఇంగ్లీషులో మనకు తెలిసిన అతి పాత చట్టం అదే. మనవైపు ఒకరి ఉప్పు తిన్నవాడు అంటే ఎంత బాధ్యత ధ్వనిస్తుందో, అక్కడ ఒకరి రొట్టె తినడమన్నా అంతే. మొదటి రెండు మాటలూ అరిగి అరిగి గొప్పింటి బిరుదులయ్యాయి. మూడోది చచ్చిపోయింది.

అదే చట్టంలో దెబ్బలకు పరిహారాల పట్టిక ఉంది. బొటనవేలు నరికితే 20 షిల్లింగులు, దాని గోరు ఊడగొడితే 3 షిల్లింగులు. మనిషిని చంపితే చంపినవాడు హతుడి బంధువులకు కట్టాల్సిన వెలకు తరవాతి చట్టాల్లో 'వెర్‌గిల్డ్' అని పేరు. 'వెర్' అంటే మగవాడు, 'గిల్డ్' అంటే చెల్లింపు. 'వెర్' ఒంటరి మాటగా 13వ శతాబ్దం దాటాక కనపడదు. తోడేలుగా మారే మనిషిని చెప్పే 'వేర్‌వుల్ఫ్'లో మిగిలింది. మరింత చిత్రంగా 'వరల్డ్'లో దాక్కుంది. 'వెర్', వయసు అనే అర్థమున్న మరో మాట కలిసి 'మనిషి కాలం' అన్న అర్థంతో పుట్టిన సమాసమే నేటి ప్రపంచమనే మాట.

మగవాడికి 'గుమ' అని ఇంకో మాట ఉండేది. పెళ్లికొడుకు 'బ్రూడ్‌గుమ', అంటే పెళ్లికూతురి మనిషి. 'గుమ' వాడుక పోయాక ఆ రెండో ముక్క జనానికి అర్థం కాలేదు. దగ్గరగా వినిపించే 'గ్రూమ్' అన్న మాటను పెట్టుకున్నారు. అప్పటినుంచి 'బ్రైడ్‌గ్రూమ్' స్థిరపడింది. తెలియని ముక్కను తెలిసిన మాటతో నింపుకోవడాన్ని భాషావేత్తలు లోకనిరుక్తి అంటారు. 'స్టెప్‌మదర్' మాటలోని 'స్టెప్' కూడా మెట్టు కాదు, అడుగు కాదు. 'స్టేయొప్' అంటే అయినవాళ్లను పోగొట్టుకోవడం. 'స్టేయొప్‌చిల్డ్' మొదట అనాథ బిడ్డ. 'నైట్‌మేర్'లో ఆడగుర్రం లేదు. నిద్రపోయేవాళ్ల గుండెల మీద కూర్చుని ఊపిరాడనివ్వని పిశాచాన్ని 'మారె' అనేవారు. చిత్రకారులు గుర్రాన్ని గీసి ఆ పొరపాటును ఇంకా గట్టిపరిచారు.

నెలల పేర్ల కోసం బీడ్ పండితుడికి రుణపడి ఉన్నాం. జారో మఠంలో ఉండి 725లో కాలగణన మీద లాటిన్‌లో పుస్తకం రాస్తూ, తన జాతి పూర్వం నెలలను ఏమని పిలిచేదో ఒక అధ్యాయంలో చెప్పాడు. మే నెల 'థ్రిమిల్చె': పచ్చిక సమృద్ధిగా ఉండి ఆవులు రోజుకు మూడు పూటలా పాలిచ్చే నెల. ఆగస్టు 'వేయొద్‌మోనథ్', కలుపు మొక్కల నెల. నవంబరు 'బ్లోత్‌మోనథ్', చలికాలానికి ముందు పశువులను దేవతలకు బలిచ్చే నెల. క్రైస్తవ సన్యాసి అయివుండి, తాను ఒప్పుకోని పాత మతపు పేర్లను దాచకుండా రాసిపెట్టాడు. రాయకపోతే వీటిలో చాలావాటికి మరో ఆధారం లేదు. అదే సమాజం దినాలను రాత్రులతో లెక్కపెట్టేది. జర్మన్ తెగల ఈ అలవాటును రోమన్ చరిత్రకారుడు టాసిటస్ 1వ శతాబ్దం చివర్లోనే గమనించాడు. పద్నాలుగు రాత్రుల 'ఫోర్ట్‌నైట్'ను ఇప్పటికీ బ్రిటన్‌లో వాడతారు. ఏడు రాత్రుల 'సెనైట్' మాత్రం పుస్తకాల్లోనే ఉంది. ఎల్లుండికి 'ఓవర్‌మారో' అని మాట ఉండి పోయింది. ఇప్పుడు ఆ ఒక్క రోజు కోసం ఇంగ్లీషువారు మూడు నాలుగు మాటలు కలిపి చెప్పుకుంటున్నారు. తెలుగువాడికి ఎల్లుండి, మొన్న ఇంకా దక్కి ఉన్నాయి.

దండెత్తినవారి మాటలు

793లో లిండిస్‌ఫార్న్ మఠం మీద పడిన వైకింగులు దోచుకుని పోయారు. తరవాతి తరాల వారు వచ్చి స్థిరపడ్డారు. కిటికీని పాత ఇంగ్లీషులో 'ఏయగ్‌థూర్ల్' అనేవారు, కంటి కన్నం అని. వైకింగుల నోర్స్ భాష నుంచి 'విండౌగ', గాలి కన్ను, వచ్చి దాన్ని తోసేసింది. అదే 'విండో'. పాత 'థూర్ల్' పూర్తిగా పోలేదు: ముక్కుకు కన్నం 'నాస్ట్రిల్'లో ఉంది. యార్క్‌షైర్, లింకన్‌షైర్ ప్రాంతాల్లో పాలనా విభాగాన్ని 'వాపెన్‌టేక్' అనేవారు, ఆయుధం పట్టడం అని. యార్క్‌షైర్‌లోని మూడు 'రైడింగు'లకు గుర్రపుస్వారీతో సంబంధం లేదు. మూడో వంతు అనే నోర్స్ మాట అరిగి అలా అయింది. ఆ పాలనా విభాగాలు 1974 దాకా ఉన్నాయి.

నార్మన్లు వచ్చాక న్యాయస్థానం ఫ్రెంచిలో మాట్లాడింది. మనకు పత్రికల్లో తరచూ కనపడే 'కర్ఫ్యూ' ఆ కాలం మాటే. 'కోవ్ర్-ఫ' అంటే నిప్పు కప్పు. రాత్రి గంట మోగగానే పొయ్యిలో నిప్పును బూడిదతో కప్పాలి. చెక్క ఇళ్ల ఊళ్లలో అగ్నిప్రమాదాల భయం అంతటిది. 'కల్‌ప్రిట్' పుట్టుక ఇంకా విచిత్రం. నిందితుడు తాను నిర్దోషినని చెప్పినప్పుడు కోర్టు గుమాస్తా 'దోషే, రుజువు చేయడానికి సిద్ధం' అనే ఫ్రెంచి మాటలను పొడి అక్షరాల్లో 'కల్. ప్రిట్' అని రాసుకునేవాడని, ఆ సంక్షిప్తాన్నే తరవాతివారు నిందితుణ్ణి పిలిచే మాట అనుకున్నారని నిఘంటుకారులు ఎక్కువగా ఒప్పుకునే వివరణ. 1678లో ఒక ప్రభువు మీద జరిగిన విచారణ నాటి నుంచి అది రికార్డుల్లో ఉంది.

'డియొడాండ్' కథ చట్టం చదివినవారికైనా తెలిసుండాలి. దేవుడికి ఇవ్వాల్సింది అని లాటిన్ అర్థం. మనిషి చావుకు కారణమైన బండినో, చక్రాన్నో, ఎద్దునో, లేదా దాని విలువనో ప్రభుత్వం స్వాధీనం చేసుకునేది. శతాబ్దాల పాటు ఇది చిన్న విషయమే. రైళ్లు వచ్చాక రైలు ఇంజనుకు వెల కట్టాల్సి వచ్చింది. ప్రమాదాల్లో జ్యూరీలు పెద్ద మొత్తాలు విధించడం మొదలుపెట్టాయి. 1846లో పార్లమెంటు దాన్ని రద్దు చేసింది. చట్టంతో పాటే మాటా పోయింది.

సిరాబుడ్డి మాటలు, దొంగల మాటలు

16వ శతాబ్దంలో లాటిన్, గ్రీకు చదువుకున్నవారు వందలకొద్దీ మాటలు దిగుమతి చేశారు. కొమ్ముతో చేసిన సిరాబుడ్డి పేరు మీద వీటిని 'ఇంక్‌హార్న్' మాటలని ఎగతాళి చేశారు. థామస్ విల్సన్ 1553లో అలాంటి మాటలతో కిక్కిరిసిన ఉత్తరం ఒకటి నమూనాగా అచ్చువేసి చూపించాడు. కేంబ్రిడ్జిలో గ్రీకు బోధించిన జాన్ చీక్ మరో దారి పట్టాడు. మత్తయి సువార్తను అచ్చమైన ఇంగ్లీషు మాటల్లో అనువదిస్తూ శతాధిపతిని 'హండ్రెడర్' అన్నాడు, పునరుత్థానాన్ని 'గెయిన్‌రైజింగ్' అన్నాడు. అచ్చతెలుగు కావ్యాలు రాసిన మన కవుల పట్టుదల ఇందులో కనపడుతుంది. చీక్ మాటలు నిలవలేదు. వాటిలో నాకు లోపమేమీ కనపడదు, వాడేవారు దొరకలేదు, అంతే.

కఠిన పదాల బెడద వల్లే ఇంగ్లీషు నిఘంటువు పుట్టింది. రాబర్ట్ కాడ్రీ 1604లో సుమారు 2,500 మాటలతో తొలి ఇంగ్లీషు-ఇంగ్లీషు నిఘంటువు వేశాడు. మొదటి ముద్రణ ప్రతి ఆక్స్‌ఫర్డ్‌లోని బోడ్లియన్ గ్రంథాలయంలో ఒక్కటే మిగిలింది. 1623లో హెన్రీ కాకరమ్ తెచ్చిన నిఘంటువులో 'ఆప్రిసిటి' ఉంది: చలికాలపు ఎండ వెచ్చదనం. అందమైన మాట, అయితే నిఘంటువులో తప్ప దాన్ని నిజంగా వాడినవారు దాదాపు లేరు. అలాంటివి జనభాషలో చచ్చిన మాటలు కావు, అసలు బతకనివి. పాత మాటల జాబితాలు తయారుచేసేవారు ఈ తేడా చూపకపోవడం పెద్ద లోటు.

'మంప్సిమస్'ది బతికిన కథ. పూజలో 'సూంప్సిమస్' అనే లాటిన్ మాటను తప్పుగా చదివే ఒక ముసలి పురోహితుణ్ణి సరిదిద్దబోతే, ఇన్నేళ్ల అలవాటును మీ కొత్త మాట కోసం మానుకోనన్నాడట. డచ్ పండితుడు ఎరాస్మస్ కాలంలో ప్రచారమైన ఈ కథను ఇంగ్లండు రాజు ఎనిమిదో హెన్రీ 1545లో పార్లమెంటు ప్రసంగంలో వాడుకున్నాడు. తప్పని తెలిసినా వదలని మొండితనానికి అది పేరైంది.

పండితులు ఇలా ఉంటే, వీధిలో మరో పదకోశం పెరిగింది. కెంట్‌లో న్యాయాధికారిగా ఉన్న థామస్ హార్మన్ తన గుమ్మం ముందుకొచ్చిన దేశదిమ్మరులను అడిగి, వారి రహస్య భాషను 1560లలో అచ్చువేశాడు. పగలు 'లైట్‌మన్స్', రాత్రి 'డార్క్‌మన్స్', రొట్టె 'పన్నమ్'. చివరి దానిలో లాటిన్ రొట్టె వినిపిస్తుంది. 1785లో ఫ్రాన్సిస్ గ్రోస్ లండన్ సందుల భాషకు నిఘంటువు కట్టాడు. అందులో నోటికి 'బోన్ బాక్స్' అని పేరు, ఎముకల పెట్టె. పల్లెభాషలకు జాన్ జేమీసన్ 1808లో స్కాట్లండు నిఘంటువు తెచ్చాడు. చన్నీళ్లలో మొదటిసారి మునిగినప్పుడు ఒళ్లు జలదరించడానికి అందులో 'కర్‌గ్లాఫ్' అనే ఒకే మాట ఉంది. వీరందరికంటే జోసెఫ్ రైట్ పని పెద్దది. ఆరేళ్ల వయసు నుంచే కూలికి వెళ్లి, పదిహేనేళ్ల దాకా చదవడం రాని ఆ యార్క్‌షైర్ కుర్రవాడు ఆక్స్‌ఫర్డ్ ఆచార్యుడై, 1898-1905 మధ్య ఆరు సంపుటాల మాండలిక నిఘంటువు వెలువరించాడు. తన ఊరి మాటను తక్కువగా చూడని పండితుడి చేతికి ఆ పని దక్కడం ఇంగ్లీషు చేసుకున్న పుణ్యం.

అర్థం దిగజారడం, లేని మాటలు పుట్టడం

మాట నిలిచి అర్థం మారిపోవడమూ ఉంది. 'సిల్లీ' పూర్వరూపం 'సేలిగ్' అంటే ధన్యుడు. ధన్యుడు అమాయకుడయ్యాడు, అమాయకుడు జాలిపడదగినవాడయ్యాడు, చివరికి తెలివితక్కువవాడయ్యాడు. ఒకప్పుడు పరిమళం కూడా అయిన మన 'కంపు' ఇదే దారిన పోయింది. 'డీర్' ఏ జంతువైనా అయ్యేది, తరవాత జింక ఒక్కటే అయింది. సంస్కృతంలో 'మృగం' కూడా అలాగే జంతువుకూ జింకకూ పేరైంది.

ఎప్పుడూ లేని మాటలు నిఘంటువుల్లోకి చేరడం మరో సమస్య. వీటికి 'దెయ్యపు మాటలు' అన్న అర్థంలో వాల్టర్ స్కీట్ 1886లో పేరు పెట్టాడు. ఆయన చూపిన ఉదాహరణ మన దేశం గురించే. 1808 నాటి ఎడిన్‌బరో రివ్యూ వ్యాసంలో, హిందువులు కొందరు చేతుల్లో 'కైమ్స్' గుచ్చుకుంటారని ఉంది. చదివినవారు అదేదో భయంకరమైన ఆయుధమనుకున్నారు. కత్తులు అనే ఇంగ్లీషు మాటకు అది అచ్చుతప్పు. 1934 వెబ్‌స్టర్ నిఘంటువులో సాంద్రతకు 'డోర్డ్' అనే మాట చేరింది. సాంద్రతకు పెద్ద డి గాని చిన్న డి గాని సంకేతం అని రాసిన చీటీని ఒకే మాటగా చదివిన ఫలితం అది. 1939లో ఒక సంపాదకుడు ఆ మాటకు వ్యుత్పత్తి లేకపోవడం గమనించాడు.

మన జనరల్ నాలెడ్జి పుస్తకాల్లో తరచూ కనిపించే వ్యుత్పత్తి ఒకటి ఇక్కడే చెప్పాలి. 'న్యూస్' నాలుగు దిక్కుల తొలి అక్షరాల నుంచి రాలేదు. కొత్త అనే మాటకు బహువచనం అది, ఫ్రెంచి వాడుకను చూసి కట్టింది. ఇండియాకు ఓడలో వెళ్లేటప్పుడు ఎడమవైపు, తిరుగు ప్రయాణంలో కుడివైపు గదులు ఇచ్చేవారని, ఆ టికెట్ల మీది పొడి అక్షరాలే 'పాష్' అయ్యాయని చెప్పే కథకూ ఆధారం లేదు. అలాంటి టికెట్టు ఒక్కటీ ఇంతవరకు బయటపడలేదు. 20వ శతాబ్దానికి ముందు పొడి అక్షరాలతో మాటలు పుట్టడమే చాలా అరుదు. పాత మాటకు అలాంటి వివరణ ఎవరైనా చెబితే ముందు అనుమానించడం మేలు.

అనుమానం తీర్చుకోవడానికి ఆధారం ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీషు నిఘంటువు. 1857లో లండన్ ఫిలలాజికల్ సొసైటీలో మొదలైన ఆలోచన 1884లో తొలి భాగంగా, 1928లో పూర్తి గ్రంథంగా బయటికొచ్చింది. సంపాదకుడు జేమ్స్ మర్రే తోటలో కట్టించిన రేకుల షెడ్డుకు వేలాది మంది స్వచ్ఛందంగా ఉల్లేఖనాల చీటీలు పంపారు. ప్రతి మాటకూ తొలి రాత ఎప్పటిదో చూపడం దాని పద్ధతి. అంత జాగ్రత్తలోనూ దాసి అనే అర్థమున్న 'బాండ్‌మెయిడ్' చీటీలు ఎక్కడో తప్పిపోయి ఆ మాట అచ్చు కాలేదు. 1933 అనుబంధంలో చేర్చారు.

తెలుగునేల నుంచి వెళ్లినవి

ఇంగ్లీషు పాత మాటల్లో తెలుగువారికి నేరుగా సంబంధించినది 'జెంటూ'. అన్యమతస్థుడు అనే పోర్చుగీసు మాట దీనికి మూలం. హిందువులందరికీ ఈ పేరు వాడినవారున్నారు. హాల్‌హెడ్ 1776లో ఇంగ్లీషులోకి తెచ్చిన హిందూ ధర్మశాస్త్ర సంకలనం శీర్షికలో ఆ అర్థమే ఉంది. మద్రాసు తీరంలో మాత్రం జెంటూ అంటే తెలుగువాడు, తెలుగు భాష. 1816లో క్యాంబెల్ తన వ్యాకరణాన్ని 'తెలూగూ' పేరుతో అచ్చువేస్తే, మరుసటి ఏడాది మద్రాసులోనే విలియమ్ బ్రౌన్ 'జెంటూ' వ్యాకరణం వేశాడు. రెండు పేర్లూ పక్కపక్కన నడిచిన కాలం అది. పోను పోను భాష తన పేరుతోనే నిలిచింది. జెంటూ అన్న పేరు అంటార్కిటిక్ వైపు ఉండే ఒక పెంగ్విన్ జాతికి మిగిలింది.

పందికొక్కు ఇంగ్లీషులో 'బ్యాండికూట్' అయింది. అక్కడితో ఆగక ఆస్ట్రేలియాలో కడుపుసంచి ఉన్న వేరే జంతువుకు పేరైంది. నరసాపురం దగ్గరి మాధవాయిపాలెంలో ఈస్టిండియా కంపెనీకి 17వ శతాబ్దంలో వర్తకస్థావరం ఉండేది. అక్కడి నూలుబట్ట 'మదపోలమ్' పేరుతో ఐరోపా అంగళ్లకు చేరింది. గోలకొండ పేరు తరగని సిరికి సాధారణ నామమై 19వ శతాబ్దపు రచనల్లో విరివిగా కనిపిస్తుంది. వీటిలో కొన్నింటిని హెన్రీ యూల్, ఆర్థర్ బర్నెల్ 1886లో 'హాబ్సన్-జాబ్సన్' అనే ఆంగ్లో-ఇండియన్ పదకోశంలో పాత ప్రయాణికుల రాతల నుంచి తేదీలతో సహా ఉదాహరణలు తీసి చూపించారు. బ్యాండికూట్ కింద పందికొక్కు అనే తెలుగు రూపం అందులో ఉంది.